రంగము వెళ్ళిన బావకు

తెలుగువారి ఇంట ప్రయాణమై గడప దాటేవారు "పోతున్నాను" అనరు, "వెళ్ళివస్తాను" అంటారు. సాగనంపేవారు కూడ "వెళ్ళు" అని ఊరుకొనక "వెళ్ళిరా" అంటారు. ఎదురు వచ్చేవారిని చూచుకొని, శకునము మంచిదయిన తరువాతనే అడుగు ముందుకు వేయడము మనవారి ఆచారము. పొరుగూరికి వెళ్ళినా, కాశికి వెళ్ళినా మాట మాత్రము అదే. ఆ మాటలో తిరిగి రావడమనే ఒప్పందము ఇమిడి ఉన్నది.

ఈ ఒప్పందమునకు గట్టి పరీక్ష మన సముద్రతీరములో జరిగినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము మొదలుకొని 1942 వరకు గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి వేలాది తెలుగు యువకులు ఏటేటా ఓడనెక్కి బర్మాకు వెళ్ళినారు. రంగూన్ నగరమును మనవారు "రంగము" అన్నారు. "రంగము వెళ్ళినాడు" అంటే ఊరందరికీ అర్థమయ్యేది. వెళ్ళినవారిని గురించి చరిత్రకారులు కొంత వ్రాసినారు. వారిని సాగనంపి ఇంటి వద్ద ఉండిపోయిన వారిని గురించి, అందులోను వారి మరదళ్ళను గురించి వ్రాసినది స్వల్పము. రంగము వెళ్ళే బావకు ఒక తెలుగు బాలిక పంపుకొన్న వీడ్కోలు లేఖ ఎట్లా ఉండేది, ఎవరి చేతిమీదుగా సాగేది, ఏమయిపోయినది అన్నదే నేటి మా ప్రసంగ విషయము.

ముందుగా ఆ ప్రయాణమునకు కారణము చెప్పుకొందాము. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమయినది. ఐరావతీ నది ముఖద్వార భూములలోని అడవులు నరికి వరిపొలాలు చేసినారు. ధాన్యము పెరిగిన కొలది రంగూన్ రేవు చుట్టును బియ్యపు మిల్లులు లేచినవి. మిల్లులో బస్తాలు మోయడానికి, ఓడలలోనికి ఎక్కించడానికి, వీధులలో రిక్షాలు లాగడానికి మనుషులు కావలసివచ్చినారు. బంగాళాఖాతమునకు ఈవలి ఒడ్డున మన జిల్లాలలో భూమి చాలని కుటుంబాలు, వాన తప్పిన సంవత్సరాలు, తీరని అప్పులు ఉన్నవి. నడుమ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి పొగ ఓడలు తిరిగేవి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపురము రేవులలో ఓడ ఒడ్డునకు రాదు. దూరముగా లంగరు వేసి నిలుస్తుంది. పడవలలో అలలను దాటి ఓడను చేరుకోవాలి. విశాఖపట్టణములో నేటి నౌకాశ్రయము ప్రారంభమయినదే 1933లో.

మిల్లు కూలీలను కూర్చేవాడు మేస్త్రీ. అతడు పల్లెకు వచ్చి, కుటుంబమునకు ముందుసొమ్ము ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని, మనుషులను జట్టుగా తీసుకొని వెళతాడు. ఆ సొమ్ము తీరేవరకు కూలి అతని చేతిమీదుగానే సాగుతుంది. కోతలకు, మిల్లుల పనికాలమునకు వెళ్ళి కొందరు ఆ ఏడే తిరిగివచ్చేవారు. కొందరు రెండు మూడు సంవత్సరాలు ఉండిపోయేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో ఉన్న భారతీయులు పది లక్షలకు పైబడినారు. రంగూన్ నగర జనములో సగమునకు పైగా భారతీయులే. తెలుగువారిని అక్కడ "కోరంగీలు" అన్నారు. గోదావరీ ముఖమున ఉన్న కోరంగి రేవు 1839 నవంబరు తుపానులో దెబ్బతిని క్షీణించిపోయినా, దాని పేరు సముద్రమునకు ఆవలి ఒడ్డున మన జాతి పేరుగా మిగిలినది.

అట్లా వెళ్ళిన తెలుగువారిలో స్త్రీలు బహుస్వల్పము. మగవాడు వెళ్ళడము, ఇల్లు ఇక్కడనే ఉండడము ఈ వలసలోని నియమము. ఇక్కడనే మన బంధుత్వముల సంగతి ముందుకు వస్తుంది. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు మన భాషలో కేవలము బంధువులు కారు, వారు బావలు. పిల్ల పుట్టిననాడే "ఇది నా కోడలు" అని మేనత్త అనుకోవడము తెలుగునాట ఇంటింటా ఉన్న మాట. కనుక బావ ఓడ ఎక్కుతున్నాడంటే, ఆ బాలికకు తన రేపటి బ్రతుకు ఓడ ఎక్కుతున్నట్లే. అతడు తిరిగి వచ్చేవరకు ఆమెను మరొకరికి ఇవ్వరు; అతడు రాకున్న, రాడని తేలేవరకు ఆమె ఎటూ కాదు. మేస్త్రీ ఇచ్చిన ముందుసొమ్ము కాగితములో ఆమె మాట లేదు గాని, ఆ బాకీలో ఆమె భాగము ఉన్నది.

సముద్రము దాటి వెళ్ళిన ఇతర తెలుగువారి విషయము కొంత భిన్నముగా ఉన్నది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి "ట్రూరో" అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. అది మొదలుకొని 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నాటాలు దేశమునకు వెళ్ళినారు. వారిలో తెలుగువారు అనేకులు. ఆ ఓడల పట్టికలు నేటికీ ఉన్నవి. వెళ్ళిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు కూడ వాటిలో వ్రాసి ఉన్నవి. నూరు సంవత్సరాల తరువాత మునిమనుమడు వచ్చి తన ఊరు వెదకుకొనడానికి ఆ పట్టికలు దారి చూపుతున్నవి.

రంగము వెళ్ళినవారికి అటువంటి పట్టిక లేదు. కారణము సులభము. 1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. కాకినాడ నుండి రంగూన్ వెళ్ళడము చట్టము దృష్టిలో పరదేశమునకు వలస కాదు. ఒక ప్రాంతము నుండి మరొక ప్రాంతమునకు వెళ్ళడము మాత్రమే. అందువలన ఓడలో ఎందరు ఎక్కినారో లెక్క వేసినారు గాని, ఎవరు ఎక్కినారో నాటాలు పట్టికల తీరున వ్రాసిపెట్టలేదు. నాటాలు వెళ్ళినవాని చెంపమీది మచ్చకు దొరికిన స్థానము రంగము వెళ్ళినవాని పేరుకే దొరకలేదు. అతడు ఉన్నాడనడానికి, ఒక ఇంటివాడనడానికి మిగిలిన ఆధారము ఉత్తరమే.

బర్మా మన దేశములో భాగమయి ఉండడము వలన ఒక మేలు కూడ జరిగినది. 1879 జులై 1వ తేదీన కాలణా కార్డు వచ్చినది. 1880లో తపాలా కచేరీలు మనీయార్డర్లు పంపడము మొదలుపెట్టినవి. పొరుగు తాలూకాకు వ్రాసినా, సముద్రమునకు ఆవల రంగూన్‌కు వ్రాసినా కార్డు వెల ఒక్కటే. 1922లో అది అర్ధణా అయినది. కూలివాని ఇంటికి కూడ అందుబాటులో ఉన్న వెల ఇది. కాని కార్డు కొనగలిగినంత మాత్రాన వ్రాయగలిగినట్లు కాదు. వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరములో బాలికల పాఠశాలను 1874లోనే స్థాపించినారు. అయినను 1901 జనాభా లెక్కల నాటికి మన దేశములో వెయ్యిమంది స్త్రీలకు చదవను వ్రాయను వచ్చినవారు పదిమంది అయినా లేరు. కూలికి వెళ్ళే కుటుంబాలలో ఆ పదిమందిలో ఒకరు కూడ ఉండడము అరుదు.

కనుక ఊళ్ళో బడిపంతులో, కరణమో, తపాలా జవానో వ్రాసిపెట్టాలి. అరుగుమీద కూర్చుండి తల్లి చెబుతుంది, చుట్టు నలుగురు వింటారు, పంతులు వ్రాస్తాడు. ఈ నలుగురిలో మరదలు నోరు విప్పి బావకు చెప్పదలచినది చెప్పగలదా? పెండ్లి కాని పిల్ల తన పేరుమీద బావకు ఉత్తరము వ్రాయించడము మర్యాద కాదు. మనువు నిశ్చయమయిన వెనుక అతని పేరు ఉచ్చరించడమే మర్యాద కాదు. అందువలన ఆమె లేఖ సాధారణముగా అత్తగారి లేఖ లోపల, చిట్టచివర, ఒక్క పంక్తిగా ఉండేది.

మన పూర్వపు లేఖలకు ఒక కట్టుబాటు ఉన్నది. పైన "శ్రీరామ" అని ఉండాలి. పెద్దవారిని "మహారాజశ్రీ" అని, చిన్నవారిని "చిరంజీవి" అని, ముత్తైదువను "లక్ష్మీసమానురాలైన" అని, పూర్వసువాసినిని "గంగాభాగీరథీ సమానురాలైన" అని సంబోధించాలి. "ఉభయకుశలోపరి" అన్న తరువాతనే సంగతి ఎత్తుకోవాలి. శుభవార్త అయితే నాలుగు మూలల పసుపు పూయాలి. మరణవార్త తెచ్చిన కార్డును చదివి చించివేయాలి గాని ఇంటిలో ఉంచరాదు. ఇన్ని మర్యాదల నడుమ అరుగుమీద చెప్పిన మాట కాగితము మీదికి వచ్చేసరికి మారిపోయేది. విశాఖపట్టణము జిల్లా పల్లెలో పిల్ల "బావా, బేగి వచ్చీ" అంటే, పంతులు "త్వరలో దయచేయగలందులకు కోరడమైనది" అని వ్రాస్తాడు. తప్పు పంతులుది కాదు. ఆయన నేర్చిన లేఖలో "బేగి" అనే మాటకు స్థానము లేదు.

ఇటువంటి కార్డు ఎట్లా ఉండేదో శ్రోతలకు తెలియడము కొరకు ఒకదానిని మేము ఇక్కడ కూర్చుతున్నాము. ఇది ఏ ఒక్కరు వ్రాసినదీ కాదు. ఆనాటి మర్యాదలను, పల్లె సంగతులను అనుసరించి మేము అల్లినది.

"శ్రీరామ. చిరంజీవి అబ్బాయికి మీ అమ్మ దీవించి వ్రాయించునది. ఉభయకుశలోపరి. నీవు ఓడ ఎక్కిన నాటి రాత్రి ఇచ్చట గాలివాన కొట్టినది. ఓడ సుఖముగా చేరినదని మేస్త్రీగారి ఇంటికి కబురు వచ్చువరకు మాకు అన్నము సహించలేదు. ఎర్రావు ఈనినది, పెయ్యదూడ. పెయ్యకు ఇంకను పేరు పెట్టలేదు, నీవు వచ్చి పెట్టవలెనని అమ్మాయి అన్నది. మీ మామకు ఒంటిలో నెమ్మదిగా ఉన్నది. కాయకష్టము కనిపెట్టి చేసుకొనుము. మీ మరదలు నమస్కారములు చెప్పుచున్నది."

ఈ కార్డులో వీడ్కోలు ఎక్కడ ఉన్నది? చివరి నమస్కారములో మర్యాద ఉన్నది. అసలు వీడ్కోలు పెయ్యదూడ దగ్గర ఉన్నది. పేరు పెట్టకుండ ఉంచినాము, నీవు వచ్చి పెట్టు అనడములో "వెళ్ళిరా" అన్న పాత ఒప్పందము మరల వినబడుతుంది. అరుగుమీది నలుగురికీ అది పశువు సంగతి. వ్రాసిన పంతులుకు కూడ పశువు సంగతే. అక్కడ రంగూన్ మిల్లు వరుసలలో కూలీలు గుంపుగా కూర్చుండగా, చదవనేర్చిన ఒకడు పైకి చదివి వినిపిస్తాడు. వారికీ అది పశువు సంగతే. దానిని లేఖగా అందుకొనేవాడు ఒక్కడే. బహిరంగముగా పలికి రహస్యముగా చెప్పడము, వ్రాత రానివారు కూడ చేయగలిగిన లేఖారచన.

మరొక విశేషము గమనించదగినది. ఈ వీడ్కోలు మనిషికి ముందుగా వెళ్ళదు. మనిషి వెనుక వెళుతుంది. అతడు ఓడ ఎక్కిన తరువాతనే కార్డు పుట్టుతుంది; మరొక ఓడలో టపా మూటల నడుమ అదే సముద్రమును దాటుతుంది. అతడు మిల్లులో చేరి, భుజము కాయలు కాచిన తరువాత ఇంటినుండి వీడ్కోలు అందుతుంది.

దీనికి జవాబు సాధారణముగా మనీయార్డరు. ఫారము అడుగున పంపినవాడు నాలుగు మాటలు వ్రాయడానికి చిన్న చోటు ఉండేది. తపాలా జవాను రూకలు లెక్కించి ఇచ్చి ఆ ముక్క చించి ఇచ్చేవాడు. ఇంటిలో అది ఉత్తరముగా చెల్లేది. రూకలు ముట్టినట్లు పుచ్చుకొన్నవారు వ్రాలు చేసేవారు, వ్రాలు రానివారు వ్రేలిముద్ర వేసేవారు. ఆ రసీదు తిరిగి పంపినవానికి చేరేది. ఈ సంగతిని మనము సామాన్యముగా కచేరీ వ్యవహారముగా చూస్తాము. కాని ఆలోచించండి: ఇంటిలోని పెద్దలు పొలమునకు వెళ్ళినవేళ జవాను వచ్చినాడు, డబ్బు ఆమె పేర వచ్చినది, మరదలు ఇల్లాలయి ఉన్నది, ఆమె బొటనవ్రేలు సిరాలో అద్ది వేసినది. ఆ కాగితము సముద్రము దాటి అతని చేతికి వచ్చినది. మధ్య పంతులు లేడు, మర్యాదల మాటలు లేవు. ఆమె తన చేతితో పంపిన లేఖ అదొక్కటే.

ఈ రాకపోకలకు తొలి పెద్ద దెబ్బ 1930 మే నెలలో తగిలినది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. ఓడల యజమానులు వారి స్థానములో బర్మీయులను పనికి పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను తొలగించినారు. రెండు పేదజాతుల నడుమ రేగిన అలజడిలో వందమందికి పైగా చనిపోయినారు. వారిలో అధికులు మనవారు. ఆ ఏడే ఏప్రిల్ 1వ తేదీన శారదా చట్టము అమలులోనికి వచ్చి బాలికల కనీస వివాహ వయస్సు పదునాలుగేండ్లు అయినది. చట్టము రాకముందే పెండ్లి ముగించాలని తొందరపడిన ఇళ్ళు అనేకము. అట్లా మూడుముళ్ళు పడి, కాపురము ఎరుగక, మగని కొరకు కనిపెట్టుకొన్న బాలికలు కూడ ఈ తీరములో ఉన్నారు.

1937లో బర్మా ఇండియా నుండి వేరయినది. అక్కడ వేరు తపాలా బిళ్ళలు వచ్చినవి. ఏనాడూ ఊరు కదలని మరదలు వ్రాయించిన కార్డు కూడ ఆనాటి నుండి పరదేశమునకు వెళ్ళే కార్డు అయినది.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినవి. రేవు కూలీలు, మిల్లు కూలీలు నగరము విడిచి పారిపోయినారు. 1942 మార్చి 8వ తేదీన రంగూన్ జపానువారి వశమయినది. ఓడలు నిలిచిపోయినవి, టపా నిలిచిపోయినది. నాలుగు లక్షలకు తక్కువ కాని భారతీయులు బర్మా వదిలి బయలుదేరినారు. ఓడ దొరకనివారు అరకాను కొండల మీదుగా, అస్సాము, మణిపూరు అడవుల మీదుగా కాలినడకను నడిచినారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలో వేలమంది రాలిపోయినారు. ఆ ఏప్రిల్ 6వ తేదీన జపానువారి బాంబులు విశాఖపట్టణము మీద, కాకినాడ మీద పడినవి. ఏ రేవులలో "వెళ్ళిరా" అన్నారో ఆ రేవులలోనే జనము ఇళ్ళు విడిచి లోపలి ఊళ్ళకు తరలిపోయినారు. కార్డు పంపే ఇల్లు, అందుకొనే మిల్లు ఏకకాలమున చెదిరిపోయినవి.

దారిలో చనిపోయినవారికి కూడ పట్టిక లేదు. ఓడ ఎక్కేనాడు పేరు వ్రాయలేదు గనుక, చేరలేదని చెప్పడానికి కూడ పేరు లేదు. మరణవార్త తెచ్చే కార్డును చించివేయాలన్నది ఆచారము. రాని కార్డును ఏమి చేయాలో ఆచారము చెప్పలేదు. పసుపుకుంకుమలు ఉంచుకోవాలో తీయాలో తెలియక, "వెళ్ళివస్తాను" అన్న మాటనే పట్టుకొని, ఏండ్లు గడిపిన స్త్రీల దుఃఖము ఏ ప్రభుత్వ నివేదికలోను ఒక శీర్షికగా కనిపించదు.

తిరిగి వచ్చినవారు ఉన్నారు. యుద్ధము ముగిసిన తరువాత మరల వెళ్ళినవారు కూడ ఉన్నారు. 1964లో బర్మా ప్రభుత్వము వర్తకమును, దుకాణాలను జాతీయము చేసిన తరువాత మరొకమారు మనవారు ఓడలెక్కి స్వదేశమునకు వచ్చినారు. విశాఖపట్టణములో నేటికీ "బర్మా క్యాంపు" అని పేటకు పేరు ఉన్నది. 1989 నుండి మియన్మార్ అని పేరు మార్చుకొన్న ఆ దేశములో, మోల్మేన్ ప్రాంతమున తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇంకను ఉన్నవి. వెళ్ళివస్తామని వెళ్ళి, అక్కడనే ఊరు కట్టుకొన్నవారి సంతతి వారు.

చరిత్ర వ్రాయడానికి పట్టికలు కావాలి, నివేదికలు కావాలి. వాటి విలువను మేము తగ్గించడము లేదు. కాని పట్టికలు వెళ్ళినవానిని మాత్రమే లెక్కిస్తవి. ఒక మనిషి సముద్రము దాటితే ఒడ్డున ఎందరి బ్రతుకులు కదలినవో అవి చెప్పలేవు. ఆ మాట చెప్పగలిగినది కాలణా కార్డు, దాని చివరి పంక్తి. మన ఇళ్ళలో పూర్వము ఉత్తరాలను ఇనుపతీగకు గ్రుచ్చి వాసమునకు తగిలించేవారు. ఇల్లు విప్పి కట్టేనాడు ఆ తీగ తీసి, చెదపట్టిన కాగితాలని పొయ్యిలో వేసినవారు చాలమంది. వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయాలు పాత పత్రికలను పదిలపరచినవి గనుక నేడు మనకు ఆనాటి పెద్దల మాట వినబడుతున్నది. కూలివాని ఇంటి కార్డుకు అటువంటి పదిలము జరగవలసి ఉన్నది.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలలోని మా శ్రోతలకు, పాఠకులకు ఒక విన్నపము. మీ తాతగారి పెట్టెలోనో, నాయనమ్మ బట్టల అరలోనో రంగూన్ ముద్ర పడిన కార్డు గాని, మనీయార్డరు ముక్క గాని కనబడినచో దానిని పారవేయకండి. ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత దానికి నకలు వ్రాయించి, అందులోని మనుషులు మీకు ఏమవుతారో ప్రక్కన వ్రాసిపెట్టండి. వీలయితే దగ్గరి గ్రంథాలయమునకు చూపించండి. చదివేటప్పుడు క్షేమసమాచారములు అయిపోయినవి గదా అని మధ్యలో ఆపక, చివరి పంక్తి వరకు చదవండి. నమస్కారము చెప్పిన ఆ అమ్మాయి ఎవరో ఇంటిలోని పెద్దవారిని అడిగి, ఆమె పేరు కూడ అక్కడ వ్రాయండి.